నీటికంటే ముందు కబురు నడవాలి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం పిల్లల చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి వానల గురించి, వరదల గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము. "వాన రాక మనం చస్తుంటే వరద గురించి ప్రసంగమేమిటయ్యా?" అని పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. నిజమే. మనది కరువు సీమ. వాన కోసం చెయ్యెత్తి దువా చేసిన వాళ్ళమే కాని, వాన ఆగాలని ఎన్నడూ కోరిన వాళ్ళము కాము. వరదంటే కృష్ణ, గోదావరి వాళ్ళ కష్టమని, తుపానంటే కోస్తా వాళ్ళ గొడవ అని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. 2021 నవంబరు ఆ నమ్మకాన్ని కడిగి పారేసింది.

ఆ నెల 18న తిరుమల కొండ మీదా, తిరుపతి పట్నం మీదా ఆకాశం విరిగిపడినట్టు వాన కురిసింది. ఆ నీరు నడిచిన దారి ఒక్కసారి గుర్తు చేసుకుందాము. కొండ మీద డ్యాములు దేవస్థానం వారివి. కొండ చుట్టూ అడవి అటవీ శాఖ వారిది. అక్కడి నుంచి నీరు కపిలతీర్థం మీదుగా దూకి వీధుల్లోకి వస్తే అది నగరపాలక సంస్థ వారి లెక్క. రైలు కట్ట కింద చేరితే రైల్వే వారి మాట వస్తుంది. చెరువులో పడితే నీటిపారుదల శాఖ. రోడ్డెక్కితే పోలీసులు, ఆర్టీసీ. స్వర్ణముఖిలో కలిసి రేణిగుంట, శ్రీకాళహస్తి దాటిపోతే మండలానికొక తహసీల్దారు. ఒక్కటే నీరు, పది కచేరీలు. ప్రతి కచేరీకి ఒక పై అధికారి, ఒక రిజిస్టరు, ఒక ఫోను. కచేరీలకు హద్దులున్నవి. నీటికి మాత్రం పల్లం తప్ప వేరే హద్దు తెలియదు.

అందువల్ల మనం ఈ వేళ ఆలోచించవలసింది వాన గురించి కూడా కాదు, కబురు గురించి. ఒక కచేరీకి తెలిసిన సంగతి పక్క కచేరీకి ఎంతసేపట్లో చేరుతుంది? అక్కడి నుంచి మన వీధిలో చివరి ఇంటి దాకా వచ్చేసరికి ఎంతసేపవుతుంది? ప్రాణాలు నిలవడమూ, పోవడమూ ఆ వ్యవధిలోనే ఉన్నవి.

రెండు ఉదాహరణలు మనవి చేస్తాము. రెండూ ఆ 2021 నవంబరువే.

మొదటిది అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గరిది. చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు ఉండేది. దానికి ఎగువన పింఛా ప్రాజెక్టు. వరదకు పింఛా కట్ట తెగింది. ఆ నీరంతా వచ్చి అన్నమయ్య మీద పడింది. 19వ తేదీ, కార్తీక పౌర్ణమి నాడు, తెల్లవారుజామున అన్నమయ్య మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు వంటి ఊళ్ళు. కొందరు నిద్రలో ఉన్నారు, కొందరు పండుగ పూజల్లో ఉన్నారు. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. పశువులు, ఇళ్ళు, పొలాలు ఇసుక కింద పూడిపోయినవి. ఆ తరువాత ముందే హెచ్చరించామని ఒక పక్షం వారు, మాకేమీ అందలేదని ఊళ్ళవాళ్ళు చెప్పుకున్నారు. ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడానికి మేము నిలబడలేదు. కాని ఒక్క సంగతి మాత్రం మనం గట్టిగా పట్టుకోవాలి. ఇచ్చిన మాట వేరు, అందిన మాట వేరు. కాగితం మీద "హెచ్చరిక జారీ చేయడమైనది" అని రాసినంత మాత్రాన, ఆ మాట ఒక ముసలమ్మ మంచం దగ్గరికి చేరినట్టు కాదు. ఆ రాత్రి ఆనకట్ట మీద పనిచేసే లష్కరు ఒకరు తెలిసిన వాళ్ళకు ఫోన్లు చేసి, లేపి, ఎందరినో గట్టెక్కించారని పత్రికలు రాసినవి. పెద్ద యంత్రాంగమంతా ఒకవైపు, ఒక చిన్న ఉద్యోగి ఫోను ఒకవైపు!

రెండవది మన పక్కనే ఉన్న రామచంద్రాపురం మండలం రాయలచెరువు. విజయనగర రాజుల కాలం నాటిదని చెప్పుకునే పెద్ద చెరువు. అదే వారంలో చెరువు నిండుకుండలా తొణికిసలాడుతుండగా కట్టలో ఒకచోట నీరు ఊరడం కనిపించింది. ఆ మాట కట్ట మీదనే ఆగిపోలేదు. దిగువ పల్లెల వాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించారు. నీళ్ళ మధ్య చిక్కుకున్న వాళ్ళకు హెలికాప్టరు మీద తిండి అందించారు. ఇసుక బస్తాలతో గండిని అదుపు చేశారు. కట్ట నిలబడింది. జనం తిట్టుకుంటూనే వెళ్ళి ఉంటారు, "ఊరికే పంపించారే" అని. ఆ "ఊరికే" అన్న మాటే గదా మనకు కావలసింది! కట్ట తెగి ఉన్నా మనుషులు బతికేవాళ్ళు.

ఒకచోట నీరు ముందు వచ్చింది, కబురు వెనకబడింది. ఇంకొకచోట కబురు ముందు నడిచింది. రెంటికీ మధ్య దూరం నూరు కిలోమీటర్లు కూడా లేదు, కాలం రెండు మూడు రోజులు.

ఈ కబురు విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. చిత్తూరు జిల్లా చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండుతుంది. పైది తెగితే కిందిదీ తెగుతుంది. అందుకే మన పూర్వులు చెరువుకొక నీరుగంటిని పెట్టుకున్నారు. వానరాత్రి కంబళి కప్పుకొని, లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేది అతనే. కట్ట బలహీనపడితే ఊరికి కేక వేసేది అతనే. దండోరా వేస్తే ఇంటికొక మనిషి గంప, పార పట్టుకొని బయలుదేరేవాడు. నీళ్ళకు గొలుసు ఉన్నట్టే, మాటకూ ఒక గొలుసు ఉండేది. ఆ గొలుసులో ముస్లిమని, హిందువని, రెడ్డి అని, మాల అని కొంకెలు వేరుగా లేవు. నీరుగంటి కేకకు కులమేముంది?

ఇప్పుడు తెలివి తక్కువై కాదు మనకు ఇబ్బంది. వాతావరణం మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ మన పాకాల దగ్గర గాదంకిలోనే ఉన్నది. శ్రీహరికోటలో తుపానులను కనిపెట్టే రాడారు ఉన్నది. వాతావరణ శాఖ వారు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ముందే హెచ్చరిక ఇస్తున్నారు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ ఉంటుంది. పోలీసు సూపరింటెండెంటు, జిల్లా వైద్యాధికారి వంటి వారు అందులో సభ్యులు. అంటే పది కచేరీలు ఒక బల్ల చుట్టూ కూర్చోవలసిందే అని చట్టమే చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది కొట్టుకుపోయిన నాటికి ఇవేవీ లేవు. తుపానున్నదని రేడియో చెప్పినా, సముద్రం ఏ ఊరి మీద ఎంత ఎత్తున లేస్తుందో పల్లెలకు తెలియలేదు. అప్పటికీ ఇప్పటికీ దేశం ఎంతో నేర్చుకున్నది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలాలకు చేర్చగలిగారు. అయితే ఆ హుద్‌హుదే ఇంకొక పాఠం చెప్పింది. తుపాను దాటాక విశాఖపట్నంలో కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయినవి. ఫోను ఉన్నదిలే అని ధీమాగా కూర్చుంటే ఫోనే ముందు పోతుంది.

మరి లోటు ఎక్కడ? చివరి అడుగులో. 2021 అక్టోబరులో, ఆ పెద్ద వానకు నెల రోజుల ముందు, తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే వంతెన కింద వాననీరు నిలిచింది. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం బండి ఆ నీళ్ళలో చిక్కుకున్నది. మిగతా వాళ్ళు బయటపడ్డారు గాని కొత్తగా పెళ్ళయిన ఒక యువతి ప్రాణం పోయింది. అక్కడ నీరు నిలుస్తుందని తిరుపతిలో పాలవాడికి తెలుసు, ఆటోవాడికి తెలుసు, మనకందరికీ తెలుసు. రాయచూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? తెలిసిన వాళ్ళు వేలమంది ఉండగా తెలియని వాళ్ళు మునిగిపోవడం కంటే విచారకరం ఏముంటుంది?

తిరుపతి అన్ని ఊళ్ళ వంటిది కాదు. ప్రతిరోజూ వేలాది యాత్రికులు వస్తారు, పోతారు. తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ మాట్లాడే వాళ్ళు. వాళ్ళకు మన వీధులు తెలియవు, మన వాగులు తెలియవు. 2021 నవంబరు వానల్లో ఘాట్ రోడ్లు మూశారు, నడకదారులు మూశారు. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మరుసటి సంవత్సరం మే నెల దాకా తెరవలేదు. అప్పుడు దేవస్థానం వారు, టికెట్టున్న వాళ్ళు తరువాత వచ్చి దర్శనం చేసుకోవచ్చునని ప్రకటించారు. ఇది చిన్న ప్రకటనలాగే కనిపిస్తుంది. కాని ఆలోచించండి. "టికెట్టు పోతుందేమో" అన్న ఆదుర్దాతో వానలో బయలుదేరే మనిషిని ఇంటి దగ్గరే ఆపిన మాట అది. డిసెంబరు 1న రెండవ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడినవి. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. అట్లాంటి వేళ ఆ కబురు కొండ మీద తెలిస్తే చాలదు. అలిపిరిలో తెలియాలి, బస్‌స్టాండులో తెలియాలి, రేణిగుంట స్టేషనులో రైలు దిగే వాళ్ళకు తెలియాలి, చెన్నై, బెంగుళూరు రోడ్ల మీద వచ్చే డ్రైవర్లకు తెలియాలి.

ఇక్కడే మన వంతు వస్తుంది. మన వాళ్ళలో ఆటోలు, జీపులు నడిపే వాళ్ళున్నారు. మెకానిక్కులున్నారు. బస్‌స్టాండు దగ్గర పండ్లు, టీ అమ్మే వాళ్ళున్నారు. ఉర్దూ మాట్లాడతాము గనుక ఉత్తరాది యాత్రికుడితో మాట కలపగలం, తెలుగు, తమిళం ఎట్లాగూ వచ్చు. ఏ కచేరీకీ లేని బలం ఇది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వేళ తిరుపతిలో మన యువకులు మతం చూడకుండా ఎందరికో అంత్యక్రియలు జరిపిన సంగతి ఊరంతా ఎరుగును. ఆసుపత్రి, పోలీసు, మునిసిపాలిటీ, శ్మశానం, ఇంటివాళ్ళు, ఇందరి మధ్య కబురు నడిపితేనే గదా ఆ పని సాగింది! చావు వేళ నడిపిన కబురును బతుకు వేళ నడపలేమా?

కనుక కార్యవర్గం తరఫున ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

ఒకటి. వీధివారీగా ఒక పుస్తకం రాయాలి. మంచాన పడ్డ పెద్దలు, గర్భిణీలు, డయాలసిస్ చేయించుకునే వాళ్ళు, వాగు ఒడ్డున, పల్లంలో ఉండే ఇళ్ళు, ఇవన్నీ అందులో ఉండాలి. మన వాళ్ళవే కాదు, ఆ వీధిలో అందరి ఇళ్ళూ రాయాలి. ఫోనులోనే కాదు, కాగితం మీద ఉండాలి. ఒక ప్రతి వార్డు సచివాలయంలో ఇవ్వాలి. ఇంట్లో ఒంటరిగా ఉండే వాళ్ళ వివరాలు కనుక, ఆ పుస్తకం బాధ్యత గల వాళ్ళ చేతిలోనే ఉండాలి.

రెండు. వీధికిద్దరు మనుషులు. ఒకరు మగవాళ్ళు, ఒకరు ఆడవాళ్ళు. అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు ఆడవాళ్ళ గొంతు వినబడితేనే తెరిచే ఇళ్ళు ఎన్నో ఉన్నవి.

మూడు. కబురు పంపితే అయిదు సంగతులు ఉండాలి. ఏం జరిగింది, ఎక్కడ, ఎన్ని గంటలకు, చెప్పిందెవరు, ఇప్పుడు ఏం చేయాలి. ఈ అయిదూ లేని మాటను మన వాళ్ళెవరూ ఫోనులో ముందుకు తొయ్యకూడదు. "చెరువు తెగిందంట" అన్న ఒక్క అబద్ధం తొక్కిసలాటలో ప్రాణాలు తీయగలదు. వచ్చిన వార్తను తేల్చుకోకుండా నమ్మవద్దని మన పెద్దలు చిన్ననాటి నుంచీ మనకు నేర్పలేదా?

నాలుగు. కబురు పైకి కూడా పోవాలి. మన వీధిలో నీరు మోకాలి లోతు వచ్చిందంటే ఆ సంగతి కలెక్టరాఫీసుకు ఎట్లా తెలుస్తుంది? 112, రాష్ట్ర కేంద్రం 1070, జిల్లా కేంద్రం 1077, ఈ మూడు నంబర్లు ప్రతి ఇంటి గోడ మీద రాసి పెట్టుకోవాలి.

అయిదు. కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ మైకు ప్రతి మసీదులో ఉండాలి. అధికారులు చెప్పిన హెచ్చరికను అక్కడి నుంచి చదవడానికి పోలీసు వారితో, సచివాలయం వారితో ముందే మాట్లాడుకోవాలి. పక్కనున్న గుడి వాళ్ళనూ, చర్చి వాళ్ళనూ కలుపుకోవాలి. అన్నిచోట్లా అదే మాట, అదే వేళకు వినబడితే జనం నమ్ముతారు. తలా ఒక మాట వినబడితే ఎవరూ కదలరు.

ఆరు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కనుక ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఒకసారి అంతా నడిపి చూడాలి. మైకు మోగుతుందా, పుస్తకంలో ఉన్న మనుషులు ఆ ఇళ్ళలోనే ఉన్నారా, చివరి ఇంటికి కబురు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అని గడియారం పెట్టి చూసుకోవాలి.

దీనికి పెద్ద డబ్బు అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక మైకు, కొంత ఓపిక చాలు. ప్రభుత్వం చేయవలసిన పనిని మనం నెత్తిన వేసుకుంటున్నామని ఎవరూ అనుకోవద్దు. గొలుసులో వాళ్ళ కొంకెలు వాళ్ళు చూసుకుంటారు, మన వీధి కొంకె మాత్రం మనమే బిగించుకోవాలి.

సభ ముగిశాక తలుపు దగ్గర బల్ల మీద పుస్తకం తెరిచి ఉంటుంది. ఏ వీధికి ఎవరు నిలబడతారో దయచేసి పేరు రాసి వెళ్ళవలసిందిగా మనవి. అక్కయ్యలు, అమ్మలు కూడా రాయాలి. వాన మనకు కరుణగానే కురవాలని, ఎవరింటి దీపమూ ఆరకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.