గుత్తి షీటు: పాత పటంలో మన ఊరు



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సారు బతికినంత కాలం పిల్లలకు భూగోళం చెప్పారు. అందుకే ఈసారి పటాల గురించి మాట్లాడతాను. గోడకు తగిలించే దేశపటాలు కావు. మన గుత్తిని, చుట్టూ ఉన్న పొలాలను, వంకలను, బాటలను చూపించే సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ల గురించి.

గుత్తి అనగానే అందరూ కోట ముచ్చటే ఎత్తుకుంటారు. మురారిరావు ఘోర్పడే, 1776లో హైదరాలీ ముట్టడి, ఆ తర్వాత టిప్పు, నిజాం, 1800లో కుంపిణీ. ఈ వరస మన పిల్లలకు కూడా వచ్చు. కోటను ఏలినవాళ్ల చరిత్ర ఇది. కోట కింద బతికినవాళ్లు నీళ్లు ఎక్కడ తోడుకున్నారు, సంతకు ఏ బాటన పోయారు, ఏ పల్లె ఖాళీ అయింది అని అడిగితే జవాబు దొరకడం కష్టం. నేను చూసినంతలో ఈ ప్రశ్నలకు పాత టోపో షీటు చెప్పినంత సూటిగా మరే కాగితమూ చెప్పదు.

మన షీటు నంబరు 57 ఈ/12. ఇందులో 57 అంటే నాలుగు డిగ్రీల పెద్ద చదరం. దాన్ని ఏ నుంచి పీ వరకు పదహారు భాగాలు చేస్తే ఒక్కోటి ఒక డిగ్రీ. అందులో ‘ఈ’ భాగాన్ని మళ్లీ పదహారు చేస్తే పన్నెండోది మనది. 1905 తర్వాత మొదలైన కొత్త సర్వేలో ఇలాంటి షీట్లను అంగుళానికి ఒక మైలు కొలతలో, రంగుల్లో అచ్చువేశారు. నీళ్లు నీలం, సాగుభూమి పసుపు, అడవి ఆకుపచ్చ, ఎత్తులు చెప్పే కాంటూరు గీతలు గోధుమరంగు. మెట్రిక్ కొలతలు వచ్చాక అదే షీటు 1:50,000 కొలతకు మారింది. అంతకుముందు, 19వ శతాబ్దంలో వచ్చిన ఇండియా అట్లాసు అంగుళానికి నాలుగు మైళ్లది. అందులో కొండలను సన్నటి నీడగీతలతో చూపేవాళ్లు, కాంటూర్లు లేవు. ఈ మూడింటినీ పక్కపక్కన పరిస్తే ఊరు ఎటు కదిలిందో తెలుస్తుంది.

ముందు గోధుమరంగు గీతల్నే చూడండి. కోటకొండ దగ్గర అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. చుట్టుపక్కల నేల మీద కొండ దాదాపు వెయ్యి అడుగులు నిట్టనిలువుగా లేచింది కాబట్టి గీతల మధ్య సందు ఉండదు. ఆ ఒక్క కొండ మీదే ఆగిపోకుండా వేలితో గీత వెంట పోతే, పక్క కొండలు కూడా కలిసి ఒక వలయం కట్టడం కనిపిస్తుంది. పాత ఊరు ఆ వలయం లోపల ఉంది. వలయంలో గీతలు తెగినచోట్లే ఊరికి దారులు. గోడలు కట్టి, వాకిళ్లు పెట్టి కాపలా కాసింది ఆ సందుల్లోనే. కోటను కింద నిలబడి చూసేవాడికి బురుజులే కనిపిస్తాయి. అక్కడే ఎందుకు కట్టారన్నది షీటు చూస్తేనే అర్థమవుతుంది.

ఇక నీళ్లు. పేరున్న ఏరు ఊరి పక్కన లేదు. పెన్న దక్షిణాన పామిడి దగ్గర పోతుంది. గుత్తి బతికింది వాన నీటి మీద, బావుల మీద. కొండ మీద రాతి సందుల్లో వాన నీరు నిలవబెట్టే గుండాలు ఉన్నాయి. హైదరాలీ ముట్టడిలో మురారిరావు లొంగిపోయింది ఫిరంగులకు కాదు, ఆ గుండాల్లో నీళ్లు అడుగంటినందుకు. కొండ కింద చూసుకుంటే, బండ మీద పడిన వాన జారి పాదం దగ్గర నేలలో ఇంకుతుంది. బావులు తవ్వేవాళ్లకు ఆ సంగతి మనకంటే ముందే తెలుసు. షీటు మీద రాతికట్టు ఉన్న బావికి ఒక గుర్తు, కట్టు లేనిదానికి మరో గుర్తు. పాత షీటు మీద ఆ నీలం చుక్కల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని నేల మీద వెతకండి. కొన్నిటి మీద ఇళ్లు లేచాయి, కొన్ని చెత్తతో పూడాయి. కొన్నిటిలో మెట్లు ఇంకా ఉన్నాయి.

పటం కొలిచే పనికే గుత్తితో సంబంధం ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర త్రికోణాల సర్వేకు మొదటి ఆధారరేఖ కొలిచిన విలియం లాంబ్టన్ 1811లో గుత్తి దగ్గర మరొకటి కొలిచాడు. వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, ఎండకు లోహం ఎంత సాగిందో థర్మామీటర్లతో చూసుకుంటూ కొలిచే పద్ధతి అది. దేశాన్నంతా కొలిచిన త్రికోణాల వల ఒక పక్క మన నేల మీద ఆనింది. ఈ సంగతి ఊళ్లో ఎక్కడా రాసిపెట్టి లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు మన్రోను మొదట గుత్తిలోనే పాతిపెట్టారు. ఆయన గురించి మాత్రం అందరికీ తెలుసు.

ఇక రైలు. 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు వద్ద బొంబాయి లైనుతో కలిసింది. గుత్తి ఆ దారి మీదిదే, అయితే రైలు కొండల వలయంలోకి రాలేదు. బయట చదునుగా ఉన్న నేల చూసుకుని పోయింది. స్టేషను ఊరికి దూరం కావడానికి కారణం కాంటూర్లలోనే ఉంది. ఒకప్పుడు గుత్తి తాలూకాలో ఒక పల్లెగా ఉన్న గుంతకల్లు, లైన్లు కలిసే చోటు కావడంతో మనల్ని దాటిపోయింది. పాత షీట్లలో, కొత్త షీట్లలో ఆ రెండు ఊళ్ల ఇళ్ల మచ్చల సైజు పోల్చి చూడండి, చాలు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ షీట్లు ఏలేవాళ్లు తమ కోసం గీయించుకున్నవి. సైన్యం నడవడానికి దారి, బస చేయడానికి బంగళా, దిక్కు చూసుకోవడానికి కొండకొన. అవి తప్పిపోవు. బావి గుర్తు ఉంటుంది. ఆ బావిలో ఎవరు చేద వేయొచ్చో, ఎవరు గట్టు కింద నిలబడి ఇంకొకరు పోస్తే కడవలో పట్టుకోవాలో ఏ గుర్తూ చెప్పదు. పల్లె ఖాళీ అయిందని చూపిస్తుంది. 1876-78 కరువుకా, కలరాకా, అప్పులకా, మాట్లాడదు. షీటు చోటు చూపిస్తుంది. అక్కడ జరిగింది మనుషులు చెప్పాలి. నా నమ్మకం ఇదే: చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఆ మాటలను ఆ చోటు మీద రాసిపెట్టాలి.

ఇది కొత్త పని కాదు. సర్వేయరు మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల సహాయకులు ఊరూరా కరణాలను అడిగి ఆ ఊళ్ల కథనాలను కైఫీయతులుగా రాయించారు. ఒకవైపు కొలత, ఒకవైపు కథనం. ఆ రెండూ తర్వాత వేరువేరు బీరువాల్లోకి పోయాయి. గ్రామ పటం, పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్ఎంబీ, రెండు భాషల భూముల చిట్టా అయిన డైగ్లాట్ రికార్డు తాలూకా ఆఫీసుల్లో ఉండిపోయాయి. మళ్లీ ఒకే బల్ల మీద పెట్టాల్సింది మనం.

షీట్లు దొరకడం ఇదివరకంత కష్టం కాదు. 2005 మ్యాప్ పాలసీ తర్వాత ఓపెన్ సిరీస్ షీట్లు వచ్చాయి, వాటి నంబర్ల పద్ధతి వేరు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా నక్షే పోర్టల్లో ఉచితంగా దించుకునే వీలు వచ్చింది. అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:250,000 పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉన్నాయి. పాత అంగుళం షీట్ల కోసం విశ్వవిద్యాలయాల భూగోళశాఖల్లో అడగాలి. ఒక జాగ్రత్త: పాత షీట్ల లెక్క 1830 నాటి ఎవరెస్టు గోళం మీద, ఫోనులోని జీపీఎస్ లెక్క వేరే గోళం మీద. అందుకని ఒకదాని మీద ఒకటి పెడితే చోట్లు కాస్త పక్కకు జరుగుతాయి. గుడి, కొండకొన, పాత వంతెన లాంటివి పట్టుకుని సరిచేసుకోవాలి.

ఈ వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలతో బావుల పని మొదలుపెడదాం. షీటు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఒక్కో చుక్కకు నంబరు వేసి, బావి పేరు, ఎవరి పొలం, ఎవరికి నీళ్లు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఎప్పుడు ఎండింది, ఈ సంగతి చెప్పినదెవరు అన్నవి రాయాలి. ఒక ప్రతి బడిలో, ఒకటి శాఖా గ్రంథాలయంలో ఉంచాలి. కొండ పడమటి పక్క నుంచి మొదలుపెడితే ఉదయం నీడ ఉంటుంది. రావాలనుకున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను మాట్లాడించగలమన్నవాళ్లు, సభ అయ్యాక ఇక్కడే పేర్లు ఇవ్వండి.