స్థానిక ఎన్నికలు – ప్రతిపక్షం చేయవలసిన పని

(ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఢిల్లీ తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశ నిర్వాహకులు నన్ను రాజకీయాలను గురించి మాట్లాడవలసినదిగా కోరినారు. ఏ రాజకీయాలని నేను అడుగలేదు. పార్లమెంటు రాజకీయాలను గురించి మనకు చెప్పువారికి కొదువలేదు. లోక్‌సభ ఎన్నికల కాలంలో ఆర్.ఎం.ఎస్. విభాగంలో ఉత్తరాలు వేరుచేయుచు గూడ మనం మంత్రివర్గాలను నిర్మించి కూల్చగలం. అయితే మన వార్డు కౌన్సిలరు ఎవరని అడిగినచో ప్రక్కవాని ముఖం చూచెదము. కావున వార్డును గురించియే మాట్లాడదలచినాను.

మనం కూర్చున్న ఈ ఓల్డ్ రాజిందర్ నగర్ దేశ విభజన కాలంలో పశ్చిమ పంజాబునుంచి సర్వస్వం కోల్పోయి వచ్చిన కాందిశీకుల కొరకు ఏర్పడిన కాలనీ. మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ పేరు దీనికి పెట్టినారు. ఆనాడు కుటుంబానికొక చిన్న యిల్లు. నేడు ఆ స్థలాలలోనే అంతస్తుపై అంతస్తు లేచినది. సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను వేలాది యువతీయువకులు ఇక్కడ అద్దె గదులలో నివసించుచున్నారు. వారిలో మన తెలుగు పిల్లలు గణనీయంగా ఉన్నారు. మన సహోద్యోగుల బిడ్డలు గూడ ఉన్నారు. పి.ఎఫ్. అప్పు తీసి బిడ్డను ఇక్కడకు పంపిన తండ్రులు ఈ సభలో లేకపోలేదు.

2024 జూలై 27వ తేదీ సాయంకాలం వర్షం కురిసినది. ఈ పేటలోని ఒక శిక్షణ సంస్థ సెల్లారులో గ్రంథాలయం నడుచుచుండెను. సామాను నిలువ చేయుటకు మాత్రమే అనుమతి పొందిన సెల్లారు అది. వీధిలో నిలిచిన నీరు ఒక్కసారిగా లోపలికి చొరబడినది. ముగ్గురు విద్యార్థులు మరణించినారు. ముగ్గురూ మూడు రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఆగస్టు 2వ తేదీన ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. నేర విచారణ న్యాయస్థానాల పని, దానిని గురించి నేను మాట్లాడను. వర్షపు నీరు పోవలసిన కాలువను గురించి మాట్లాడుదును. సెల్లారుకు అనుమతి యిచ్చుట, ఆ అనుమతి ప్రకారమే వాడుచున్నారా లేదా అని తనిఖీ చేయుట, వీధి కాలువలో పూడిక తీయుట, ఇవన్నియు నగరపాలక సంస్థ పనులు. ప్రధానమంత్రి పనులు కావు. వీటి కొరకే మనం కౌన్సిలరును ఎన్నుకొనుచున్నాము.

మరి ఆ ఎన్నికైన సభ ఏ స్థితిలో ఉండెనో చూడండి. 2012లో మూడు ముక్కలు చేసిన ఢిల్లీ నగరపాలక సంస్థను 2022 మేలో తిరిగి ఒకటిగా కలిపినారు. 272 వార్డులు 250 అయినవి. డిసెంబరు 4న ఎన్నిక జరిగినది. ఆమ్ ఆద్మీ పార్టీకి 134, భారతీయ జనతా పార్టీకి 104, కాంగ్రెసుకు 9, స్వతంత్రులకు 3 స్థానాలు లభించినవి. ప్రజల తీర్పు స్పష్టమే. అయినను మేయరును ఎన్నుకొనుటకు జనవరి 6న, 24న, ఫిబ్రవరి 6న మూడు పర్యాయాలు సభ కూడి, మూడు పర్యాయాలు గందరగోళంతో ముగిసినది. నామినేటెడ్ సభ్యులకు ఓటు ఉన్నదా లేదా అన్నది తగాదా. లేదని ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు చెప్పిన తరువాతనే 22వ తేదీన షెల్లీ ఒబెరాయ్ 150 ఓట్లతో మేయరైనారు. ఓడిన అభ్యర్థిని శ్రీమతి రేఖా గుప్తాకు 116 ఓట్లు వచ్చినవి. ఆమెయే 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ముఖ్యమంత్రి అయినారు. రాజకీయాలలో ఓటమి శాశ్వతం కాదని చెప్పుటకు ఇంతకన్న ఏమి కావలెను?

మేయరు పదవి గౌరవప్రదమైనదే, కాని నగరపాలక సంస్థకు గుండెకాయ వంటిది స్థాయీ సంఘం. అందులో 18 మంది సభ్యులు. ఆరుగురిని సభ, పన్నెండుగురిని పన్నెండు మండలాల వార్డు కమిటీలు ఎన్నుకొనును. ఆ కాలంలో 5 కోట్ల రూపాయలకు మించిన కాంట్రాక్టు ఏదైనను ఈ సంఘం ఆమోదం పొందవలసియుండెను. ఆ ఆరుగురి ఎన్నికలోనే బల్లలెక్కి, బ్యాలెట్ పెట్టెల వద్ద తోపులాడుకొని, హైకోర్టు వరకు వెళ్లినారు. పదిమంది నామినేటెడ్ సభ్యులను నియమించు అధికారం లెఫ్టినెంట్ గవర్నరుదా, రాష్ట్ర మంత్రివర్గానిదా అన్న వివాదం 2024 ఆగస్టు 5న సుప్రీంకోర్టు లెఫ్టినెంట్ గవర్నరుదే అని చెప్పు వరకు నడిచినది. ఫలితంగా 2022 డిసెంబరులో ఎన్నికైన సభకు 2025 జూన్‌లో గాని స్థాయీ సంఘాధ్యక్షుని ఎన్నిక జరుగలేదు. రెండున్నర సంవత్సరాలు! ఈ పేటలో ముగ్గురు బిడ్డలు మునిగిపోయిన నాటికి నగరపాలక సంస్థకు స్థాయీ సంఘమే లేదు. ఆ సంఘం ఉన్నచో ఆ ప్రమాదం జరుగకపోయెడిదని నేను అనను. కాని జవాబు చెప్పవలసిన బల్ల ఖాళీగా ఉన్నప్పుడు ప్రశ్న ఎక్కడ పెట్టవలెను?

ప్రమాదం మరునాటినుంచి జరిగినది మీకు తెలియును. కమిషనరును నియమించునది కేంద్రం గనుక తప్పు కేంద్రానిదని ఒక పక్షం, సభ మీ చేతిలోనే ఉన్నది గనుక తప్పు మీదేనని మరొక పక్షం. రెండు మాటలలోను కొంత నిజమున్నది. కాని మా వీధి కాలువలో పూడిక ఎప్పుడు తీసినారు, ఆ లెక్క ఏదీ అని వర్షాకాలానికి ముందుగానే సభలో నిలదీసి, దాని మీద ఓటింగు కోరవలసినది ప్రతిపక్షం. నా అభిప్రాయంలో ప్రతిపక్షమునకు అన్నిటికన్న పెద్ద పని అదియే. పాలకపక్షాన్ని దించుట రెండవ పని.

ఇది ఢిల్లీ జాడ్యం మాత్రమే అని మనం నవ్వుకొనుటకు వీలులేదు. మన ఊళ్లకు పోదము. 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్ పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాలలో అన్ని వార్డులూ ఏకగ్రీవమైనవి. అంతటి పట్టణంలో ఒక్క వార్డులోనైన పోటీపడు మనిషి కరవైనాడని నమ్మమందురా? గ్రామ పంచాయతీలకైతే ఏకగ్రీవానికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రభుత్వమే బహుమతి ప్రకటించినది. ఊరు కలసియుండుట మంచిదే, కాదనను. అయితే ప్రతిపక్షం లేకుండుటకు ప్రభుత్వం బహుమతి యిచ్చుట ఎట్టి ప్రజాస్వామ్యమో నాకు బోధపడలేదు. ఆ పంచాయతీ ఎన్నికలలో పోటీ ఉన్న చోట్ల 80 శాతం మించి ఓటు వేసిన జనం మనవారు. వారికి ఎన్నిక అన్నచో విసుగు లేదు.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో మండల, జిల్లా పరిషత్తు ఎన్నికలను తెలుగుదేశం పార్టీ బహిష్కరించినది. 2020లో ఆగిపోయిన నామినేషన్లనే కొనసాగించినారన్నది వారి ఫిర్యాదు. ఫిర్యాదులో బలమున్నను ఫలితం ఏమైనది? జిల్లా పరిషత్తులలో ఐదేండ్లు ప్రశ్న అడుగు గొంతుక దాదాపు లేకుండ పోయినది. బహిష్కరణ నాయకునికి ఒక రోజు వార్త. గ్రామంలో కుళాయి కొరకు ఎదురుచూచు ఆడుకూతురుకు అది ఐదు సంవత్సరాల మౌనం.

విశాఖపట్నం సంగతి మరింత ఆలోచింపదగినది. 98 వార్డులలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 58, తెలుగుదేశానికి 30 స్థానాలు 2021లో ప్రజలిచ్చినారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారినది. మేయరు పదవికి నాలుగేండ్లు నిండగానే, 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గినది. ఈ మధ్యలో ఏ వార్డులోను ప్రజలు తమ తీర్పును మార్చియుండలేదు. మారినవారు కౌన్సిలర్లు. నాటి పాలకపక్షం ఆ సమావేశాన్ని బహిష్కరించినది. సరిగా ఆరు రోజులకు, ఏప్రిల్ 25న, ఢిల్లీలో రాజా ఇక్బాల్ సింగ్ 133 ఓట్లతో మేయరైనారు. ఇక్కడ బహిష్కరించినవారు ఆమ్ ఆద్మీ పార్టీవారు. ఇక్కడ గూడ అసెంబ్లీ ఫలితం వచ్చినది ఫిబ్రవరిలోనే. ఢిల్లీ కౌన్సిలర్లకు ఫిరాయింపుల నిషేధ చట్టం వర్తించదు. జెండాలు వేరైనను నాటకం ఒక్కటే. పైన గాలి ఎటు వీచిన కౌన్సిలరు అటు వంగుచున్నాడు.

అసలు ఎన్నికలే జరుపకుండుట మూడవ పద్ధతి. హైదరాబాదు నగరపాలక సంస్థకు 1986 తరువాత 2002లో గాని ఎన్నికలు జరుగలేదు. ఢిల్లీకి 1983 తరువాత 1997 వరకు లేవు. రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. ఐదేండ్ల గడువు ముగియకముందే క్రొత్త ఎన్నిక పూర్తి చేయవలెనని అది శాసించినది. శాసించి ఏమి లాభం? విశాఖలో 2007లో ఎన్నికైన సభ గడువు 2012లో తీరగా, మరల ఎన్నిక 2021లో. తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు 2024 జనవరి నెలాఖరుకు ముగిసినది. బి.సి. రిజర్వేషన్ల వివాదం నడుమ 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో గాని ఎన్నికలు పూర్తికాలేదు. అంతవరకు స్పెషలాఫీసర్ల పాలన. ఎన్నిక వాయిదాపడినప్పుడు ప్రతిపక్షాలు గట్టిగా పట్టుబట్టవలసినది. ఓడిపోదుమేమోనన్న భయమున్న ప్రతిపక్షం గూడ లోలోపల వాయిదాకు సంతోషించును. ఆ మాట ఎవరూ పైకి చెప్పరు.

మన అనుభవం ఒకటి చెప్పెదను. రైల్వేలో పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ 1952 నుంచి నడుచుచున్నది. తపాలా డివిజన్లలోను అధికారితో కూర్చుండి మాట్లాడు సమావేశాలున్నవి. ఒక గ్యాంగు క్వార్టర్ల కప్పు కారుచున్నదన్న అంశం అజెండాలో చేర్చినచో అది పరిష్కారమగునంత వరకు, లేదా ఒప్పుకొని మూయునంత వరకు కాగితం మీద నిలిచియుండును. అధికారి బదిలీ అగును, బ్రాంచి కార్యదర్శి మారును, అంశం మారదు. మినిట్సులో వ్రాయబడిన ప్రతి వాగ్దానానికి తేదీ ఉండును. మనకు అక్కడ మెజారిటీ అనునది ఎన్నడూ లేదు. బల్లకు ఆవలివైపున ఉన్నది ప్రభుత్వం. ఈవల మనకున్నది ప్రశ్న, లెక్క, ఓర్పు. అయినను క్వార్టర్లు బాగుపడినవి, డ్యూటీ గంటలు తగ్గినవి. అలిగి లేచిపోయిన సమావేశాలు గూడ ఉన్నవి, అవసరమైనప్పుడు సమ్మెలు గూడ చేసినాము. కాని తరువాతి సమావేశానికి ఫైలు చంకన పెట్టుకొని పోవుట మానలేదు.

నగరపాలక ప్రతిపక్షం నుంచి నేను కోరునది ఇంతే. వార్డు కమిటీకి తప్పక హాజరగుట. పూడికతీత బిల్లు ఎన్ని లారీలకు చెల్లించినారో అడుగుట. సెల్లారు అనుమతుల జాబితాను బల్లమీద పెట్టించుట. సభలో అరచుట వార్తాపత్రికకు చాలును గాని కాలువకు చాలదు.

ఇక మన సంగతి. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు, రైల్వే ఉద్యోగులకు 1966 నాటివి ఉన్నవి. రెండింటిలోను 5వ నియమం మనకు రాజకీయ పక్షాలలో చేరుటను, ఎన్నికలలో పోటీని, ప్రచారాన్ని నిషేధించుచున్నది. శాసనసభలకే గాక స్థానిక సంస్థలకు గూడ ఇది వర్తించును. ఎవరికి ఓటు వేసితిమో, వేయనున్నామో సూచనగానైన తెలుపరాదు. ఈ నియమం న్యాయమా అని వాదించుటకు మరొక రోజు కావలెను. నేటికి అది ఉన్నది. ఓటు వేయుటను మాత్రం అది అడ్డగించదు. కాలువ పూడినదని ఫిర్యాదు వ్రాయుటను అడ్డగించదు. మన ఇంటి స్త్రీలు, పెద్దబిడ్డలు వార్డుకు పోటీచేయుటను గూడ అది నిషేధించుటలేదు. మనం వారి కొరకు ప్రచారానికి తిరుగరాదు, అంతే. ఈ సంగతి తెలియక ఎందరో సోదరీమణులు వెనుకకు తగ్గుచున్నారు.

అయితే ఓటు ఎక్కడ ఉన్నది? ఇచ్చట కూర్చున్నవారిలో చాలమంది ఓటు గుంటూరులోనో, కాజీపేటలోనో, విజయనగరంలోనో ఉన్నది. పది సంవత్సరాలుగా ఢిల్లీ నీరు త్రాగుచు, ఢిల్లీ వీధిలో నడచుచు, ఓటు మాత్రం స్వగ్రామంలో ఉంచుకొనుట ఒక మమకారం. నేను దానిని ఎగతాళి చేయను. కాని ఈ పేటలోని అద్దె గదులలో ఉన్న వేలాది పిల్లల స్థితి గూడ ఇదే. కౌన్సిలరు దృష్టిలో వారు లెక్కలోని మనుషులు కారు. ఇంటి యజమానికి ఓటున్నది, సెల్లారు యజమానికి ఓటున్నది. లోపల చదువుకొనుచున్నవానికి లేదు. 110060 పిన్ కోడుతో వచ్చు ఉత్తరాలను బట్వాడా చేయు మన పోస్టుమాన్ సోదరునికి ఏ అంతస్తులో ఎవరున్నారో తెలియును. ఓటర్ల జాబితాకు తెలియదు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించు చోట ఓటు నమోదు చేసికొనవచ్చును. రెండు చోట్ల ఉండరాదు. ఒకచోటి నుంచి మరొక చోటికి మార్చుకొనుటకు ఫారం 8, తొలిసారి నమోదుకు ఫారం 6. విద్యార్థులు తలిదండ్రుల యింట గాని, చదువుకొను చోట గాని నమోదు కావచ్చును. ఢిల్లీలో అసెంబ్లీ ఓటర్ల జాబితాయే నగరపాలక ఎన్నికకు ఆధారం గనుక ఒక్క నమోదు రెంటికీ పనికివచ్చును. 2022లో ఈ నగరంలో సగంమంది మాత్రమే ఓటు వేసినారు. రాబోవు సాధారణ ఎన్నికకు మిగిలిన కాలం ఎక్కువ లేదు.

ఫారాలు ఇచ్చట ద్వారం వద్ద బల్లపై ఉన్నవి. నివాసపు ఆధారం ఒకటి, ఫొటో ఒకటి కావలెను. నింపుటలో సందేహమున్నవారికి మన శాఖ మిత్రులిద్దరు ఎనిమిది గంటల వరకు అక్కడనే కూర్చుందురు. గుర్తింపు కార్డును స్పీడ్‌పోస్టులో మీ ఇంటికి తెచ్చి యిచ్చువారు ఎటులను మనవారే.