క్యాలెండరు మారితే కాలము కలిసివచ్చునా?



మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున, క్యాలెండరు సంస్కరణను గూర్చి, మన కాలమును మనము వాడుకొను తీరును గూర్చి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరినారు. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. కనుక ముందు లెక్క కట్టినాను. నూరేండ్లంటే సుమారు 5,218 ఆదివారములు. ఆ ఆదివారములను గూర్చియే నేను చెప్పదలచినది.

క్యాలెండరులో చిక్కులు లేకపోలేదు. ఒక నెలకు 28 రోజులు, ఒక నెలకు 30, మరొక దానికి 31. పునరుత్థాన పండుగ మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనను రావచ్చును. పిల్లల పరీక్షలు, మంచి శుక్రవారము ఒకే వారములో పడిన ఏడు తల్లులు పడు అవస్థ మీకు తెలియనిది కాదు.

ఈ చిక్కులు విడదీయుటకు పెద్దలు పూర్వమునుండి ప్రయత్నించుచునే ఉన్నారు. జూలియస్ సీజరు క్రీ.పూ. 45లో అమలుపరచిన క్యాలెండరు సంవత్సరమునకు 365 రోజుల ఆరు గంటలని లెక్కించినది. నిజమునకు అందులో సుమారు 11 నిమిషములు ఎక్కువ. పదకొండు నిమిషములే కదా అనుకొందుము. క్రీ.శ. 325లో నైసియా సభ జరిగిన నాటినుండి 1582 వచ్చుసరికి ఆ నిమిషములే పోగుపడి పది రోజులైనవి. అప్పుడు పదమూడవ గ్రెగరీ పోపు అక్టోబరు 4వ తేదీకి మరునాడు అక్టోబరు 15 అని నిర్ణయించినాడు. ఇంగ్లండు 1752లో గాని దీనికి ఒప్పుకొనలేదు. అక్కడ సెప్టెంబరు 2 తరువాత 14 వచ్చినది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పోయినవి తేదీలే గాని వారముల వరుస చెడలేదు. 1582లో 4వ తేదీ గురువారము, 15వ తేదీ శుక్రవారము. 1752లోను బుధవారము తరువాత గురువారమే వచ్చినది.

మన దేశములోను 1952లో మేఘనాథ్ సాహా గారి అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘమును నియమించినారు. దేశములో వాడుకలోనున్న ముప్పై రకముల పంచాంగములను వారు పరిశీలించినారు. ఫలితముగా 1957 మార్చి 22 నుండి, అనగా శక సంవత్సరము 1879 చైత్రము 1 నుండి, జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. ఇందులోను వారమునకు ఏడు రోజులే.

వారము జోలికి పోయినవారు లేకపోలేదు. ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వము 1793లో పది రోజుల వారము పెట్టినది. ఏడు రోజులకు వచ్చు సెలవు పది రోజులకు వచ్చినది. 1806 జనవరి 1న పాత క్యాలెండరే తిరిగి వచ్చినది. సోవియట్ రష్యా 1929లో, యంత్రములు ఒక్కరోజైనను ఆగరాదని, ఐదు రోజుల వారము పెట్టి, పనివారిని ఐదు జట్లు చేసి, జట్టునకొక సెలవు దినము ఇచ్చినది. సెలవు త్వరగానే వచ్చినది. కాని భర్తకు సెలవైన నాడు భార్య కర్మాగారములో ఉండవచ్చును. 1931లో దానిని ఆరు రోజులకు మార్చి, 1940లో ఏడు రోజుల వారమునకే మరలినారు.

ప్రతి సంవత్సరము ఒకే తీరుగా ఉండు ప్రపంచ క్యాలెండరును 1950 దశకములో మన భారతదేశమే ఐక్యరాజ్య సమితి ముందుంచినది. సంవత్సరాంతమున ఏ వారమునకును చెందని దినమొకటి అందులో ఉన్నది. దానితో ఏడు రోజుల వరుస తెగిపోవునని పలు మతములవారు అభ్యంతరము చెప్పినారు. 1956లో అది మూలపడినది.

తేదీలు మార్చినప్పుడు జనులు ఎట్లో సర్దుకొన్నారు. అందరు కలిసి పని ఆపు దినమును తీసివేసినప్పుడు మాత్రము సర్దుకొనలేకపోయినారు.

ఇక మన యింటి సంగతి. ఉద్యోగములో ఉన్న రోజులలో “తీరిక లేదు” అనుట నాకు ఊతపదము. ఒకసారి వారము పాటు ప్రతి గంటను నోటుపుస్తకములో వ్రాసినాను. వారమునకు 168 గంటలు. నిద్రకు 52, బడికి 50, భోజనము, స్నానము, ప్రార్థన, గుడి కలిపి 27, ఆదివారము విశ్రాంతి 8. మిగిలిన 31 గంటలు టీ బడ్డీ దగ్గర కబుర్లకు, చదివిన పేపరే మరల చదువుటకు, ఎవరికొరకో ఎదురుచూచుటకు పోయినవి.

ఎదురుచూచుట అన్నాను గదా. నేను పాస్టరేటు కమిటీ కార్యదర్శిగా ఉండగా ఆరు గంటల కూటమునకు ఆరు నలుబదికి పోయెడివాడను. పదునెనిమిది మంది నలుబది నిమిషములు కూర్చుంటే 720 నిమిషములు. అనగా పండ్రెండు గంటలు, ఒక పగలంతయు. ఒకరి రూపాయి వాడుకొంటే తిరిగి ఇవ్వగలము. ఆ పగలును నేను ఎవరికి తిరిగి ఇచ్చినాను?

ఆ పుస్తకము మా యింటావిడ చూచినది. “ఏమండీ, ఆదివారం విశ్రాంతి ఎనిమిది గంటలని వ్రాశారు. నా లెక్క కూడా వ్రాయండి” అన్నది. వ్రాసినాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచుట, గుడికి ముందే వంట, గుడినుండి వచ్చి చుట్టములకు వడ్డన, అంట్లు, సాయంకాలము మరల టీలు, రాత్రి వంట. విశ్రాంతి అని వ్రాయుటకు గంట దొరకలేదు. “నాకు సోమవారమే నయం. మీరంతా బడికి పోతారు” అన్నది.

నేను తలవంచుకొన్నాను. ప్రభుదినమును ఆచరించుచున్నానని ఇరువది యేండ్లుగా అనుకొన్నాను. నా విశ్రాంతి ఆమె చాకిరీతో కట్టినదని ఒక్కనాడును లెక్కకు రాలేదు. ఆ వారమునుండి శనివారము రాత్రియే కూరలు తరిగి పెట్టుట, ఆదివారము ఒక కూర, ఒక చారు, అంట్లు నేను, మా పిల్లవాడు తోముట అని నియమము పెట్టుకొన్నాము. మొదటి ఆదివారము మధ్యాహ్నము ఆమె వరండాలో కూర్చుండి చెల్లెలికి ఉత్తరము వ్రాసినది. పగటిపూట ఆమె కలము పట్టుట నేను చూచుట అదే మొదలు.

కనుక నేను చెప్పునవి మూడే. శనివారము సాయంకాలము అరగంట కూర్చుండి రాబోవు వారమును కాగితముపై పెట్టండి. చూడవలసిన రోగిని, వ్రాయవలసిన ఉత్తరమును ముందు వ్రాసి, తక్కిన పనులను తరువాత చేర్చండి. రెండవది, ఇతరుల కాలమును మీ సొమ్ముగా ఎంచకండి. మూడవది, ఇంటిలో అందరు ఆగనిదే ఆదివారము వచ్చినదని అనుకొనకండి.

గోడమీది క్యాలెండరును మార్చుట మన చేతిలో లేదు. ఇవి మన చేతిలో ఉన్నవి. వచ్చే ఆదివారము ఆరాధన ఎనిమిదిన్నరకు. ఎనిమిది ఇరువదికే గుడిలో కలుసుకొందము. మగవారు ఇంటి అంట్లు తోమి మరీ రండి.