సబ్సిడీ అయిపోతోందని పరిగెత్తకండి, ముందు ఈ లెక్క చూడండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఈ వారం వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. "అన్నా, 2026 మార్చి 31తో ఎలక్ట్రిక్ స్కూటర్ సబ్సిడీ అయిపోతుందంట. అప్పు చేసైనా ఇప్పుడే తీసుకునేదా?"

నా జవాబు ముందే చెప్పేస్తా. ఆ తేదీకి భయపడి మాత్రం కొనొద్దు.

ఎందుకంటే సబ్సిడీ ఒక్క రోజులో పోవడం లేదు, మెట్లు దిగుతూ వచ్చింది. 2021 జూన్ నుంచి ఫేమ్-2 స్కీమ్‌లో బ్యాటరీ సైజును బట్టి కిలోవాట్ అవర్‌కు 15 వేలు ఇచ్చారు. 3 కిలోవాట్ అవర్ బండికి లెక్కేస్తే 45 వేలు. 2023 జూన్ 1న దాన్ని 10 వేలు చేసి, ఫ్యాక్టరీ ధరలో 15 శాతం దాటకూడదన్నారు. 2024 ఏప్రిల్ నుంచి బండికి గరిష్ఠంగా 10 వేలు. 2025 ఏప్రిల్ నుంచి పీఎం ఈ-డ్రైవ్‌లో 5 వేలే. ఈ స్కీమ్‌ని 2028 మార్చి దాకా పొడిగించారు గానీ, టూ వీలర్లకు 2026 మార్చి 31 వరకే అని 2025 ఆగస్టు నోటిఫికేషన్‌లోనే రాశారు. అంటే 45 వేల ఏనుగు ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగిలింది 5 వేల తోక.

2023 మే నెలాఖరులో నేనూ ఇట్లాగే పరిగెత్తా. "జూన్ ఒకటి నుంచి రేటు పెరుగుతుంది" అని షోరూమ్‌లో అనగానే ప్రైవేట్ ఫైనాన్స్‌లో తీసేసుకున్నా. మిగిలిందనుకున్న డబ్బు వడ్డీకే పోయింది. ఎనిమిది నెలలకు కంట్రోలర్ కాలిపోయింది. దగ్గర్లో సర్వీస్ సెంటర్ లేదు. బండిని మినీ వ్యాన్‌లో ఎక్కించి తిరుపతి పంపితే 40 రోజులు పట్టింది. ఆ 40 రోజులూ మా నాయన తెల్లవారుజామున టమాటా మార్కెట్‌కి ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, అసలు లెక్క. పెట్రోల్ లీటర్ 110, మైలేజ్ 45 అనుకుందాం. కిలోమీటర్‌కి సుమారు 2 రూపాయల 44 పైసలు. ఎలక్ట్రిక్ బండికి మూడున్నర యూనిట్ల కరెంటు, యూనిట్ 6 రూపాయలు, 90 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 23 పైసలు. కిలోమీటర్‌కి 2 రూపాయల 20 పైసలు మిగులు. మదనపల్లె నుంచి పుంగనూరుకు రోజూ పోయి వచ్చేవాళ్ళు దాదాపు 60 కిలోమీటర్లు తిరుగుతారు. పోయిన 5 వేలు వాళ్ళకు 38 రోజుల్లో తిరిగొస్తాయి. ఊర్లోనే రోజుకు 5 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఏడాది దాటుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్‌కి 5 శాతమే ఉన్నా, మునుపటంత తేడా లేదు. తక్కువ తిరిగేవాళ్ళు ఇంకోసారి ఆలోచించుకోండి.

కుప్పం వాళ్ళ సంగతి వేరే. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోవాలంటే దాదాపు 80 కిలోమీటర్లు. ఒక్క చార్జింగ్‌తో పోయి రావడం కుదరదు. దారిలో చార్జర్ ఎక్కడుందో చూసుకున్నాకే బండి మాట.

షోరూమ్‌కి పోతే మూడు విషయాలు తేల్చుకోండి. ఒకటి, సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరం? రెండు, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు, ఎన్ని కిలోమీటర్లు? కాగితం మీద చూపించమనండి. మూడు, రోడ్ ట్యాక్స్‌తో సహా ఆన్‌రోడ్ ధర ఎంత? రోడ్ ట్యాక్స్ రాష్ట్రం చేతిలోది, కేంద్రం సబ్సిడీతో దానికి సంబంధం లేదు. తెలంగాణలో మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఇచ్చారని, మనకూ అదే అనుకోవద్దు.

ఇంకోమాట. "సబ్సిడీ తర్వాత మీ అకౌంట్‌లో పడుతుంది" అంటే నమ్మొద్దు. అది బిల్లులోనే తగ్గాలి. ఆధార్‌తో ఈ-వోచర్ మీ ఫోన్‌కే వస్తుంది. ఒక ఆధార్‌కు ఒక బండే. మీ ఆధార్ ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వొద్దు.

ఈ వారం రోజులు మీ బండి మీటర్ రాసుకోండి. రోజుకు ఎంత తిరుగుతున్నారో ఆ నంబర్ చెప్తుంది, కొనాలా వద్దా అని. క్యాలెండర్ చెప్పదు. మళ్ళీ కలుద్దాం, ఉంటా.