తుఫానుకు ముందు మూడు రోజులు



కార్తీకం వచ్చేసరికి మన కోస్తా జిల్లాలలో సార్వా వరి పండుతుంది. కొడవళ్ళకు పదును పెట్టుకుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. పంట చేతికొచ్చే కాలమూ, తుఫానుల కాలమూ మనకు ఒక్కటే. అందుచేతనే తుఫాను కబురు వినగానే ఇంట్లో తగవు మొదలవుతుంది. "పిల్లల్ని తీసుకొని పోదాం పదండి" అంటుంది ఇల్లాలు. "పనలు చేలోనే ఉన్నవి, కుప్ప వేసి వస్తాను, మీరు నడవండి" అంటాడు రైతు. అట్లా వెనక ఉండిపోయిన ఆ ఒక్క పూటే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ తగవు ఆఖరి పూటదాకా రాకుండా ఎట్లా తీర్చుకోవాలో ఈవేళ చెప్పుకుందాం.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమవాళ్ళు మరచిపోలేదు. కృష్ణ పాయలకూ సముద్రానికీ నడుమనున్న పల్లపు నేల అది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి ఊళ్ళమీద పడింది. ఆ తుఫానులో దాదాపు 10 వేలమంది పోయినారు. గాలికన్న నీరే ఎక్కువమందిని పొట్టన పెట్టుకొన్నది. తరువాత 1990 మే నెల 9వ తేదీన మళ్ళీ అంతటి తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపుగా ఆగింది. సముద్రం అదే, తీరం అదే. జనం సకాలంలో కదలడమే తేడా.

ఇంకొక మాట. 1977లో తుఫాను తీరం దాటినది చీరాల వైపు. ఉప్పెన ముంచినది దివిసీమను. "దాటేది మన ఊరి దగ్గర కాదులే" అని ధీమాగా ఉండరాదు. మన తీరంలో తుఫాను దాటే చోటికి ఈశాన్యంగా ఉన్న ఊళ్ళమీదికే గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది.

ఇక పనుల సంగతి. తీరంలో గాలీ వానా మొదలయ్యేందుకు కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖవారు మొదటి హెచ్చరిక ఇస్తారు. దానికి గుర్తు పసుపు రంగు. 24 గంటల ముందు రెండవది. దాని రంగు నారింజ. వాయుగుండం కబురు అంతకన్న ముందే అందుతుంది. అంటే మన చేతిలో సుమారు మూడు రోజులున్నవి.

మొదటి రోజు, వాయుగుండం కబురు వినగానే, పని చేలో. కొయ్యని చేను కోత ఆపండి. నిలబడ్డ పైరు కన్న నేలమీద పరచిన పనకే వాన చేటు ఎక్కువ. గట్లకు గండ్లు కొట్టి, మురుగు కాలువలో తుంగా గుర్రపుడెక్కా తీసి, నీరు పోయే దారి చెయ్యండి. కోసిన పనలుంటే మెరక మీదికి చేర్చి కుప్ప వెయ్యండి.

రెండవ రోజు, పసుపు హెచ్చరిక నాడు, పని కళ్ళంలోనూ ఇంట్లోనూ. కుప్పమీద టార్పాలిను కప్పి, మోకులతో బిగించండి. ఇంటికప్పు తాళ్ళు సరిచూడండి. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు, పంట బీమా కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచండి. అటుకులు, బెల్లం, మూడు రోజుల మందులు, మంచినీళ్ళు, టార్చిలైటు, అగ్గిపెట్టె ఒక మూటగా కట్టండి. ఫోను చార్జింగు పెట్టుకోండి.

మూడవ రోజు, నారింజ హెచ్చరిక నాడు, చేలో పని లేదు. పసిపిల్లలను, ముసలివాళ్ళను, నిండు చూలాళ్ళను ఉదయమే తుఫాను రక్షణ భవనానికో, మెరక మీది బడికో చేర్చండి. పశువులను మెరకకు తోలండి; తోలలేకపోతే పలుపులు విప్పి వదలండి. కట్టుకొయ్యన ఉన్న గొడ్డు ఈదలేదు. పొద్దు వాలకముందే మగవాళ్ళు కూడా వెళ్ళిపోవాలి.

"కుప్ప నానిపోతే ఏం తింటాం?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నానిన గింజకు కొంత మందున్నది. వాన తెరిపి ఇవ్వగానే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పడిపోయిన వెన్నులమీదా పనలమీదా తడిసేట్టు చల్లితే చాలావరకు మొలకెత్తదు. తడిసిన పనలను తిరగేసి ఆరబెట్టుకోవచ్చు. నష్టం వివరాలు వెంటనే వ్రాయించుకోవచ్చు. పోయిన మనిషికి మాత్రం ఏ ఉప్పునీరూ పనిచెయ్యదు.

గాలి హఠాత్తుగా ఆగి ఆకాశం తేటపడితే తుఫాను పోయిందనుకోకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కొద్దిసేపట్లో గాలి ఎదురు దిక్కునుంచి విరుచుకు పడుతుంది. కుప్ప చూసివద్దామని బయలుదేరకండి. అధికారులు చెప్పేదాకా కదలకండి. తిరిగి వచ్చిన తరువాత నీరు కాచి తాగండి. తెగిన కరెంటు తీగను ముట్టకండి. సముద్రపు నీరెక్కిన చేనులో మంచినీరు నిలగట్టి, రెండు మూడుసార్లు తీసివేసి, మట్టి పరీక్ష చేయించిన తరువాతనే మళ్ళీ విత్తండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. నడవలేని వాళ్ళున్న ఇళ్ళ జాబితా, మురుగు కాలువల తనిఖీ వాయుగుండం రాకముందే, ఆశ్వయుజంలోనే పూర్తి చేసుకోండి.

సోదరులారా, ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఎక్కడికి పోవాలి, అవ్వను ఎవరు తీసుకుపోవాలి, పలుపులు ఎవరు విప్పాలి, కాగితాల సంచి ఎవరి చేతిలో ఉండాలి, ఈ నాలుగూ తేల్చుకోండి. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు తేల్చుకున్న మాట గాలివానలో తగవు కాదు.