మంచు ఖండానికి ముందు డాక్టరు గది

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. కార్యదర్శి గారి కోరికపై వ్రాసి ఇచ్చినది.)



కార్యదర్శి గారు నన్ను అంటార్కిటికా అనుభవాలు చెప్పమన్నారు. ఆ పేరు ఎత్తితే చాలు, అందరూ పెంగ్విన్ల సంగతే అడుగుతారు. పెంగ్విన్లను చూశాను. ఫొటోలు కూడా ఉన్నాయి, టీ సమయంలో చూపిస్తాను. ఇప్పుడు మాత్రం ఆ ఖండంలో అడుగు పెట్టక ముందు దాటవలసిన ఒక గది గురించి చెబుతాను. అది డాక్టరు గది.

దీనికి కారణం ఉంది. పోయిన నెల మా అన్నయ్యగారి మనవరాలు ఫోను చేసింది. అంటార్కిటికాలో మన దేశానికి మైత్రి తరువాత 2012లో భారతి అనే కేంద్రం వచ్చింది కదా, అక్కడ శీతాకాలం గడిపే బృందానికి ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టింది. వైద్య పరీక్షకు పిలుపు వచ్చిందట. "తాతయ్యా, అక్కడ ఏమడుగుతారు? ఏం చెప్పాలి?" అంది. ఏమడుగుతారో గడగడా చెప్పాను. ఏం చెప్పాలి అన్న దగ్గర నోరు పెగల్లేదు. సాయంత్రం ఫోను చేస్తానని పెట్టేశాను. ఎందుకు పెగల్లేదో మీకు చెప్పాలి.

1994లో మన కార్యాలయం నుంచి వాతావరణ పరిశీలన పనికి ఒకరిని పంపాలన్నారు. మొదట ఎంపికైనవాడిని నేను కాదు. నా మిత్రుడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పను. ఇక్కడే రెండో వరుసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్నాడు. నేను రిజర్వు అభ్యర్థిని. ఇద్దరినీ ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు.

ఉద్యోగంలో చేరేటప్పుడు మనం చేయించుకున్న మెడికల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఛాతీ కొలిచి, అక్షరాలు చదివించి, సంతకం పెట్టి పంపేశారు. ఇది అలాంటిది కాదు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఇ.సి.జి., నడిచే బల్ల మీద పరుగు, కడుపుకు స్కానింగు, కళ్లు, చెవులు, పళ్లు, చివరకు మనస్తత్వ నిపుణుడు. ఆయన నన్ను, "మీ ఇంట్లో ఎవరైనా అలిగితే మీరేం చేస్తారు?" అని అడిగారు. "భోజనం చేసి ఆఫీసుకు వెళ్లిపోతానండీ" అన్నాను. నవ్వి ఏదో వ్రాసుకున్నారు. ఏం వ్రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత పరీక్ష ఎందుకంటే, వేసవి ముగిసి ఓడ వెళ్లిపోయాక మళ్లీ ఓడ వచ్చేది ఆ ఏడాది చివరికే. మధ్యలో జబ్బు చేస్తే అక్కడున్న డాక్టర్లు, అక్కడున్న మందులు, అంతే. ఇక్కడ మామూలుగా గడిచిపోయే జబ్బు అక్కడ మామూలు జబ్బు కాదు. గాల్‌బ్లాడర్‌లో రాయి ఇరవై ఏళ్లు నోరెత్తకుండా ఉండవచ్చు, లేదా రేపు రాత్రే లేవవచ్చు. హైదరాబాదులో లేస్తే ఆటో పిలుస్తాం. అక్కడి గాలి మన రోహిణి కార్తె కన్నా పొడి. చలికి దాహం తెలియదు, నీళ్లు తాగడం మరచిపోతాం. మూత్రపిండంలో రాళ్లు పుట్టే తత్వం ఉన్నవాడికి అది మంచిది కాదు. అందుకే వాళ్లు ఇప్పుడున్న రోగాన్ని మాత్రమే కాదు, రాబోయే పన్నెండు నెలల్లో ఏది తిరగబడుతుందా అని చూస్తారు.

మేమున్న మైత్రికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రష్యావాళ్ల నొవొలాజరెవ్‌స్కాయా కేంద్రం ఉంది. 1961లో అక్కడ లియొనిద్ రోగొజొవ్ అనే డాక్టరు ఉండేవాడు. వయసు 27. ఏప్రిల్ నెలాఖరున ఆయనకే అపెండిసైటిస్ వచ్చింది. బయట మంచు తుఫాను, విమానం రాదు. ఆ కేంద్రం మొత్తానికి ఆయనొక్కడే డాక్టరు. ఏప్రిల్ 30 రాత్రి పొట్టకు మత్తు సూది వేసుకుని, సగం వాలి పడుకుని, తన కడుపు తానే కోసుకున్నాడు. ఒక మెకానిక్ అద్దం పట్టుకున్నాడు, వాతావరణ పరిశీలకుడు ఒకాయన కోసిన చోటు విప్పి పట్టుకునే పరికరాలు పట్టుకున్నాడు. అద్దంలో అంతా తిరగేసి కనబడుతుంటే, చేతి స్పర్శతోనే ఎక్కువ పని చేశాడు. గంటా ముప్పావు పట్టింది. రెండు వారాల్లో మళ్లీ పనిలోకి వచ్చాడు. అద్దం మెకానిక్ పట్టుకున్నాడు సరే, ఆ వాతావరణ పరిశీలకుడి సంగతి విన్నప్పుడు నాకు చెమట పట్టింది. నాదీ ఆ ఉద్యోగమే కదా! ఆస్ట్రేలియావాళ్లు శీతాకాలానికి వెళ్లే తమ డాక్టర్లకు ముందుగానే అపెండిక్స్ తీయించాలని నియమం పెట్టుకున్నారు.

మళ్లీ మన కథకు వస్తాను. స్కానింగు చేసే డాక్టరు నా మిత్రుణ్ని, ఎప్పుడైనా కడుపునొప్పి వచ్చేదా అని అడిగారు. ఆయన దాపరికం లేని మనిషి. "పెళ్లి భోజనాలు చేసినప్పుడు కుడి డొక్క కింద పట్టేసినట్టుంటుందండీ" అని చెప్పేశాడు. ఇంకోసారి జాగ్రత్తగా చూశారు. రెండు రాళ్లు. అన్‌ఫిట్ అన్నారు.

పక్క గదిలో పళ్ల డాక్టరు నన్ను కూడా అలాగే అడిగారు. ఎడమవైపు కింది దవడలో నాకొక పన్ను ఉండేది. మూడేళ్ల క్రితం సిమెంటు పెట్టించాను. చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. నేను రెండు రోజులుగా లవంగ నూనె అద్దుకుంటున్నాను. "ఏమైనా ఇబ్బంది ఉందా?" అన్నారు. "ఏమీ లేదండీ" అన్నాను. ఆయన నా మాట నమ్మారు. ఎందుకు అబద్ధమాడానంటే, దేశభక్తి అని చెప్పను. ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. అక్కడి అలవెన్సుతో స్లాబు పడుతుందని లెక్క వేసుకున్నాను.

నేను వెళ్లాను. ఆయన ఉండిపోయాడు. ఆయన ఉండిపోవడం కూడా అంత తేలిక కాలేదు. ఎవరి నోట పడిందో, "మెడికల్‌లో ఫెయిలయ్యాడట, ఏదో లోపలి జబ్బట" అని ఊరంతా పాకింది. అప్పుడు వాళ్ల పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్లివారు వచ్చి కాఫీ తాగి, ఆ మాటే నెమ్మదిగా అడిగారట. మళ్లీ రాలేదు. మన దగ్గర అన్‌ఫిట్ అన్న మాట కాగితం మీద ఒక అర్థంతో ఉంటుంది, వీధిలోకి వచ్చేసరికి ఇంకో అర్థమవుతుంది.

మైత్రిలో మే నెలాఖరు నుంచి జులై మూడో వారం దాకా సూర్యుడు కనబడడు. మధ్యాహ్నం పూట ఉత్తరాన కాస్త ఎర్రగా వెలుగు, మళ్లీ చీకటి. నిద్ర పట్టదు, పట్టినా వేళ తెలియదు. మన పని మాత్రం మామూలే. మూడు గంటలకు ఒకసారి ఉష్ణోగ్రత, గాలి, పీడనం తీసి వ్రాయాలి. నేనూ, ఉత్తరాది నుంచి వచ్చిన ఇంకొక పరిశీలకుడూ వంతులు వేసుకున్నాం. తుఫానులో బయటికి పోవాలంటే కట్టిన తాడు పట్టుకుని నడవాలి. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు.

జూన్‌లో ఇంటి నుంచి కబురు వచ్చింది. నా మిత్రుడికి అర్ధరాత్రి నొప్పి లేచి, తెల్లవారకముందే ఆసుపత్రిలో చేర్చి, గాల్‌బ్లాడర్ తీసేశారని. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆయన నా మంచం మీద, ఆ చీకట్లో ఉన్నట్టు ఊహించుకున్నాను.

సరిగ్గా నెల తిరక్కుండా నా పన్ను లేచింది. ముఖం గుమ్మడికాయ అయింది, జ్వరం. మా డాక్టర్లు ఇద్దరూ మంచివాళ్లు, చేతి వాసి ఉన్నవాళ్లు. కాని ఇద్దరిలో ఒక్కరూ దంతవైద్యులు కారు. పుస్తకం తెరిచి ఒకరు చదువుతుంటే ఇంకొకరు పీకారు. సగం విరిగి లోపల ఉండిపోయింది. అది తీయడానికి మరో రెండు రోజులు. నవ్వకండి, అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ అయిదు రోజులూ నా వంతు పరిశీలనలు ఆ ఉత్తరాది తమ్ముడే తీశాడు. రోజుకు ఎనిమిది సార్లు బయటికి. మూడో రోజు తుఫాను. మైనస్ 25 దాటిన చలి. అంకెలు వ్రాయడానికి గ్లవ్ తీశాడట, అది గాలికి ఎగిరిపోయింది. తాడు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెల్లబడి చెక్కలా అయ్యాయి. వేళ్లు నిలిచాయి. కాని చర్మం ఊడి, ఆ కొసల్లో స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. చలికాలంలో చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టంగా ఉంటుందని చాలా ఏళ్ల తరువాత నాతో అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. "దాదా, మీ పన్ను బాగుందా?" అని అడిగిన తరువాత అన్నాడు.

పాత సంగతి అని ముందే తెలుసని ఆయనకు నేను ఆ రోజు చెప్పలేదు. తరువాత ఉత్తరం వ్రాశాను. జవాబు వచ్చింది. అందులో ఏముందో నా దగ్గరే ఉంచుకుంటాను.

పరీక్ష చేయించుకుంటే ఇక ఏదీ రాదని కూడా నేను చెప్పడం లేదు. 1999లో దక్షిణ ధ్రువం దగ్గరి అమెరికా కేంద్రంలో జెర్రీ నీల్సన్ అనే డాక్టరమ్మ ఉండేది. శీతాకాలం మధ్యలో తన రొమ్ములో గడ్డ తానే కనిపెట్టింది. జులైలో విమానం పైనుంచి మందులు జారవిడిచింది, దిగలేదు. అక్టోబరులో గాని ఆమెను బయటికి తీసుకురాలేకపోయారు. ఆమె ఏదీ దాచి వెళ్లలేదు. తెలియనిది తెలియకుండానే వస్తుంది. నా పన్ను సంగతి అలాంటిది కాదు.

ఇప్పటి ఏర్పాట్లు చాలా మెరుగు. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం వారు ఈ యాత్రలు నడుపుతున్నారు. పరీక్ష ఢిల్లీ ఎయిమ్స్‌లో, ఆ తరువాత ఔలీ మంచులో శిక్షణ. వేసవిలో కేప్‌టౌన్ నుంచి విమానాలు కూడా వెళ్తున్నాయి. శీతాకాలపు చీకటి మాత్రం అలాగే ఉంది.

నేను తిరిగి వచ్చింది 1996 మార్చిలో. నా మిత్రుడు స్టేషనుకు వచ్చాడు. వాళ్లమ్మాయికి అప్పటికి మంచి సంబంధమే కుదిరింది, శుభలేఖ జేబులో పెట్టుకుని వచ్చాడు. నా ముఖం చూసి, "ఏమోయ్, ఎడమవైపు చిక్కావేం?" అన్నాడు. చెప్పాను. ప్లాట్‌ఫారం మీద ట్రంకు పెట్టె మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "స్లాబు పోయించు ముందు, వానలు వస్తాయి" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం మా మనవరాలికి ఫోను చేశాను. "ఎడమవైపు నమలడం మానేసి ఎన్నాళ్లయిందో అది కూడా చెప్పమ్మా" అన్నాను. "నీకెలా తెలుసు తాతయ్యా?" అంది. మా వంశంలో అందరికీ పళ్లు అంతేనన్నాను. పోయిన సోమవారం పరీక్ష అయింది. ఒక పన్ను బాగుచేయించుకుని మళ్లీ రమ్మన్నారట. ఆ చికిత్స నడుస్తోంది. ఈ ఏడాది పంపుతారో లేదో ఇంకా తెలియదు.

ఇక టీ వచ్చినట్టుంది. పెంగ్విన్ల ఫొటోలు ఆ నీలం కవరులో ఉన్నాయి.