సిక్కుల ఆరాధనలో పటమూ, గ్రంథమూ

మొన్నటి వేసవిలో గుంటూరు మిర్చి యార్డులో ఒక చిన్న సంభాషణ నా చెవిని పడినది. టిక్కీలు ఎక్కించుకొనుటకు వచ్చిన ఒక పంజాబు లారీ నీడన కొందరు హమాలీలు సేద తీర్చుకొంటున్నారు. లారీలో, డ్రైవరు ఎదుటి అద్దానికి పైన, గురునానక్ పటం ఉన్నది. తెల్లని గడ్డము, అభయమిచ్చునట్లు ఎత్తిన అరచేయి, పటానికొక పూలదండ. వయసు చెల్లిన హమాలీ ఒకరు, “సర్దార్జీ, ఈయన మీ దేవుడా?” అని అడిగినారు. డ్రైవరు పడుచువాడు. హిందీ, తెలుగు కలిపి, “కాదు తాతా, మా గురువుగారు. దేవునికి రూపం లేదు” అన్నాడు. “రూపం లేనప్పుడు ఈ దండ ఎవరికి నాయనా?” అన్నారు పెద్దాయన. ఆ యువకుడు నవ్వి, “మీ ఇంట్లో మీ నాయనగారి పటానికి దండ వేయరా?” అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసినది. కాని పెద్దాయన వేసిన ప్రశ్న తేలికైనది కాదు. దానిని గూర్చియే నేడు కొంత ముచ్చటించదలచినాను.

గురునానక్ 1469లో జన్మించి 1539లో పరమపదించినారు. దేవుడొక్కడే, అతనికి ఆకారము లేదు, జన్మము లేదు అన్నది ఆయన బోధకు మూలము. ఆయన పూరీ క్షేత్రానికి వచ్చినప్పుడు జగన్నాథునికి హారతి జరుగుచుండగా, ఆకాశమే ఆ దేవదేవునికి ఎత్తిన హారతి పళ్లెమన్న భావముతో ఒక గీతము పాడినారని సంప్రదాయము. కనుక గురుద్వారములో విగ్రహముండదు. విగ్రహముండవలసిన చోట ఏమున్నది? ఒక గ్రంథమున్నది.

ఐదవ గురువైన అర్జున్ దేవ్ సంకలనము చేయించిన ఆదిగ్రంథమును 1604లో అమృతసరసు హరిమందిరములో ప్రతిష్ఠించినారు. పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో నాందేడులో, గోదావరీ తీరమున, తన అనంతరము మనుష్య గురువు ఉండడనీ, గ్రంథమే గురువనీ నిర్ణయించి దేహము చాలించినారు. ఆ నాందేడు 1956 వరకు మన పొరుగున హైదరాబాదు రాష్ట్రములోనిదే. అక్కడ గ్రంథమును గురువుగా చూచిన గోదావరి, కొంత దిగువకు వచ్చి తెలుగు నేలపై బాసరలో సరస్వతీదేవి సన్నిధిని పారుతుంది. అక్కడ మన బిడ్డలకు అక్షరాభ్యాసము చేయిస్తాము. కాలు తగిలిన పుస్తకమును కన్నుల కద్దుకొను తెలుగువారికి అక్షరమును పూజించుట వింత కాదు.

నేడు అచ్చు ప్రతులలో గురుగ్రంథసాహిబు 1430 పుటలు. అందులో గురువుల వాక్కులే కాక, కబీరు, నామదేవుడు, రవిదాసు, జయదేవుడు మొదలగు భక్తుల కీర్తనలు కూడ కలవు. గురుద్వారములో వేకువనే గ్రంథమును చాందినీ క్రింద, పీఠము మీద, మెత్తని దిండ్లపై ఉంచి తెరుస్తారు. దీనిని ప్రకాశమంటారు. పట్టువస్త్రములు కప్పుతారు; వింజామర వీస్తారు. వచ్చినవారు తలపై వస్త్రముతో, పాదరక్షలు విడిచి, నేలకు నుదురు తాకించి నమస్కరిస్తారు. రాత్రి గ్రంథమును మూసి, శిరస్సున మోసుకొనిపోయి శయనమందిరములో ఉంచుతారు. మన దేవాలయములలోని సుప్రభాతమూ, పవళింపు సేవా తెలిసినవారికి ఇది చిరపరిచితముగానే తోస్తుంది.

అట్లయిన ఇది కూడ ఒక విగ్రహారాధనయే కదా అని అడుగవచ్చును. పైకి చూచిన పోలిక నిజమే. కాని ఒక భేదమున్నది. గ్రంథమును తెరచుట దర్శనమిచ్చుటకు మాత్రమే కాదు, చదువుటకు. ప్రతిదినము గ్రంథము తెరవగా వచ్చిన పద్యమును చదివి, దానిని ఆనాటి ఆజ్ఞగా స్వీకరిస్తారు, హుకుం అంటారు. అట్లు విన్నవారందరూ కులభేదము లేక ఒకే పంక్తిని కూర్చుండి లంగరులో భుజిస్తారు. నమస్కారము పుస్తకమునకే, కాని దాని ఫలము భక్తుడు విన్న మాటలోనూ, చేసిన పనిలోనూ కనబడవలెను.

ఇక పటముల మాట. గురునానక్‌ను ఎదుట కూర్చుండబెట్టి వ్రాసిన చిత్రము మనకు లభించలేదు. ఆయన జీవితగాథలైన జనమ్‌సాఖీల వ్రాతప్రతులలో తరువాతి చిత్రకారులు తమ ఊహ కొలది బొమ్మలు వేసినారు. నేడు ఇండ్లలోనూ, దుకాణములలోనూ, లారీలలోనూ విరివిగా కనబడు పటము సోభాసింగ్ అను చిత్రకారుడు గురునానక్ పంచశత జయంతి సంవత్సరమైన 1969లో వ్రాసినది.

సిక్కులందరికీ ఇందులో ఏకాభిప్రాయమున్నదని చెప్పరాదు. అమృతసరసు స్వర్ణమందిరపు ప్రదక్షిణ మార్గములో ఉండిన విగ్రహములను 1905లో తొలగించినప్పుడు పెద్ద వివాదమే చెలరేగినది. 1945లో ఆమోదము పొందిన సిక్కు ఆచార నియమావళి గురుద్వారములో విగ్రహములను, ధూపదీపములతో హారతి నిచ్చుటను నిషేధించినది. నాందేడులో మాత్రము దీపములతో హారతి నేటికీ సాగుతున్నది. పటము జ్ఞాపకమునకు తోడ్పడునని కొందరు, కాలక్రమాన అదే విగ్రహమై కూర్చుండునని కొందరు. ఇరువురి మాటలోనూ సత్యమున్నది. అందుచేతనే ఇది సజీవమైన ప్రశ్న.

ఈ ప్రశ్న మన గుంటూరు సీమకు క్రొత్తది కాదు. అమరావతి స్తూపపు పాతశిల్పములలో బుద్ధుని రూపము లేదు. బోధివృక్షము క్రింద శూన్యసింహాసనము, దాని ముందు పాదముల గుర్తులు, చేతులు జోడించిన భక్తులు మాత్రమే కలరు. తరువాతి ఫలకములలో బుద్ధుడు మానవాకారముతో ప్రత్యక్షమైనాడు. లండను బ్రిటిష్ మ్యూజియములో ఉన్న అమరావతి ఫలకమొకటి రెండు వైపులా చెక్కినది. ఒక వైపున ఆ శూన్యసింహాసనము, దాదాపు మూడు శతాబ్దుల తరువాత రెండవ వైపున స్తూపము. రూపమును వలదన్న మనస్సూ, రూపమును కోరిన మనస్సూ ఒకే కొండరాతిపై పనిచేసిన నేల మనది.

మన రాజధానిగా ఉండిన హైదరాబాదులో, 1830 ప్రాంతముల నిజాము కొలువునకు వచ్చిన సిక్కు సైనికుల సంతతివారు నేటికీ ఉన్నారు. వారిలో చక్కని తెలుగు మాటలాడువారు ఎందరో. అత్తాపూరు చెంత వారి ప్రాచీన గురుద్వారమునకు వెళ్లినవారికి హమాలీ పెద్దాయన ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకుతుంది. పటము ఎక్కడ ఉన్నదో, గ్రంథము ఎక్కడ ఉన్నదో చూచిన చాలును. పటము గోడకు వ్రేలాడవచ్చును. దానికి ప్రేమతో దండ వేయవచ్చును. పీఠము మీద మాత్రము గ్రంథమే ఉంటుంది. ఆ స్థానము పటమునకు ఇచ్చిననాడు గురువు బోధ మరుగున పడును.

ఇది సిక్కులకే పరిమితమైన హెచ్చరిక కాదు. మన ఇండ్లలోని పటములకు ప్రతి శుక్రవారము దండలు మారుస్తాము. ఆ పటములలోని మహనీయులు చెప్పిన మాట ఎన్నడైనా తెరచి చదివినామా అని మనము కూడ ఒకసారి ప్రశ్నించుకొనుట మంచిది. దండ తప్పు కాదు. మాట వినకుండ దండ వేసి ఊరకుండుట తప్పు.